మొహమాటానికీ ఓ కొలత ఉంది!

'ఓసారి వచ్చి చూసిపోమ్మా' అంటారు. వెళ్తే పూట గడిచిపోతుంది. 'చిన్న స్కెచ్ వేసివ్వు చాలు' అంటారు. వేస్తే రాత్రి గడిచిపోతుంది. ఫీజు మాటెత్తితే మాత్రం మొహాలు మారిపోతాయి. ఇంటీరియర్ డిజైనర్ల కష్టాల్లో సగం సైటులో మొదలవ్వవు. ఇదిగో, ఈ మొహమాటం దగ్గరే మొదలవుతాయి. మరి చనువుకీ పనికీ మధ్య గీత గీయడం ఎలా?

పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్నావిడకి మీరు డాక్టరని తెలిస్తే మోకాళ్ల నొప్పుల గురించి చెబుతుంది. లాయరని తెలిస్తే పొలం గట్టు తగాదా చెబుతుంది. అదే ఇంటీరియర్ డిజైనర్ అని తెలిస్తే... చెయ్యి కడుక్కోగానే ఫోన్ తీసి ఇంటి ఫొటోలన్నీ చూపిస్తుంది. 'ఈ హాలుకి ఏ రంగయితే బావుంటుందమ్మా? టీవీ ఈ గోడకి పెట్టించనా, ఆ గోడకా? పూజగది తలుపులకి గంటలు బావుంటాయా?'

అడగడంలో తప్పులేదు. తోచింది చెప్పడంలోనూ తప్పులేదు. చిక్కేమిటంటే ఆ ముచ్చట పెళ్లి భోజనంతో ఆగదు. మర్నాడు పొద్దున్నే వాట్సాప్‌లో ఫ్లాటు ప్లాను దిగుతుంది. ఆదివారం 'టీ తాగిపోదువుగాని రా' అని పిలుపొస్తుంది. వెళ్తే టీ కప్పు పక్కనే టేపూ, కాగితం సిద్ధంగా ఉంటాయి. మూడోవారం వడ్రంగి మేస్త్రి నుంచి ఫోను... 'మేడమ్, వార్డ్‌రోబ్ లోతు ఎంత పెట్టమంటారు?'

అప్పటికి నెల గడిచింది. రూపాయి మాట రాలేదు. ఇప్పుడు అడిగితే 'ఇంత చనువుగా ఉంటే డబ్బులడుగుతుందేమిటి' అనుకుంటారు. అడక్కపోతే తన కడుపు మాడుతుంది. ఇంట్లోనే ఓ గదిని ఆఫీసుగా మార్చుకుని పనిచేసే డిజైనర్లకు, అందులోనూ కొత్తగా ఈ రంగంలోకి వచ్చిన అమ్మాయిలకు, ఇది దాదాపు రోజూ ఎదురయ్యే పరీక్షే.

తోచింది చెప్పడమేగా!

సొంతిల్లు ఎలా ఉండాలన్న ఊహ అందరికీ ఉంటుంది. అందుకే డిజైనర్ చేసేది కూడా 'తోచింది చెప్పడమే' అనిపిస్తుంది. కడుపునొప్పికి మందేమిటో మనకు తెలీదు కాబట్టి డాక్టరుకి ఫీజిస్తాం. గోడకి రంగు చెప్పడం మనకూ వచ్చు కదా... దానికి డబ్బులేమిటి? ఇదీ చాలామంది లెక్క. పైగా చుట్టాలమ్మాయో, స్నేహితుడి కొడుకో అయితే మరీ అలుసు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టే ఉంటుంది వ్యవహారం.

నిజానికి రంగు చెప్పడం ఆఖరి పని. ముందు ప్రతి గదికీ కొలతలు తీయాలి. దూలాలు, స్తంభాలు, కిటికీలు, నీళ్ల పైపులు ఎక్కడున్నాయో చూసుకోవాలి. స్విచ్ బోర్డు మంచం వెనక్కి పోకూడదు. ఫ్రిజ్ తలుపు తెరిస్తే దారికి అడ్డం పడకూడదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే బాత్రూమ్ గుమ్మం దగ్గర మెట్టు ఉండకూడదు. ఇవన్నీ తేలాక వడ్రంగికి ఒకటి, ఎలక్ట్రీషియన్‌కి ఒకటి, ఫాల్స్ సీలింగ్ వేసేవారికి ఒకటి... వేర్వేరుగా వర్కింగ్ డ్రాయింగులు గీయాలి. కంప్యూటర్ తెరమీద కనిపించే త్రీడీ బొమ్మ వెనక ఇంత పనుంటుంది.

ఫోన్లో అడిగిన ఆ వార్డ్‌రోబ్ లోతు సంగతే చూద్దాం. 'రెండడుగులు' అని చెప్పేస్తే పోతుంది. మామూలుగా తెరుచుకునే తలుపులకైతే అది సరిపోతుంది. ఆ ఇంటివాళ్లు మధ్యలో మనసు మార్చుకుని పక్కకి జరిగే తలుపులు పెట్టించుకుంటున్నారని మేస్త్రి చెప్పకపోతే? రెండు తలుపులు ఒకదాని ముందు ఒకటి జరగడానికే మూడు, నాలుగు అంగుళాలు పోతాయి. ఇక హ్యాంగర్‌కి తగిలించిన చొక్కాల చేతులు తలుపుకి రాసుకుంటూ ఉంటాయి. ప్లైవుడ్ కోసేశాక సరిచేయడం కుదరదు. అప్పుడు ఇంటివాళ్లు అనేమాట ఒకటే, 'ఆ అమ్మాయే చెప్పింది' అని. సలహా ఉచితంగా ఇచ్చినా బాధ్యత మాత్రం ఉచితంగా పోదు.

ఓ చిన్న లెక్క

ఉదాహరణకు ఒక డిజైనర్‌కి నెలకు పదిమంది దగ్గర్నుంచి ఇలాంటి 'చూసిపోమ్మా' పిలుపులు వచ్చాయనుకుందాం. ఒక్కో ఇంటికి రానూపోనూ గంట. చూడ్డానికి, మాట్లాడ్డానికి రెండు గంటలు. తిరిగొచ్చాక చిన్న స్కెచ్‌కి మూడు గంటలు. మొత్తం ఆరు గంటలు. పది ఇళ్లకి అరవై గంటలు. రోజుకి ఎనిమిది గంటల పని అనుకుంటే ఏడున్నర రోజులు. నెలకి పాతిక పనిదినాలుంటే అందులో 30 శాతం ఉచిత సేవకే పోయినట్టు!

ఆ 30 శాతం ఎవరు కడుతున్నారు? ఫీజు కట్టి పని అప్పగించిన ఖాతాదారులే. వాళ్ల డ్రాయింగు వారం ఆలస్యమవుతుంది. వాళ్ల సైటుకి వెళ్లాల్సిన పూట ఇంకొకరి టీ దగ్గర గడిచిపోతుంది. అంటే మొహమాటం వల్ల నష్టపోయేది డిజైనర్ ఒక్కరే కాదన్నమాట.

పత్రికలో ఉచితం... ఇంటికొస్తే ఫీజు

అలాగని అడిగినవాళ్లకు మొహం చాటేయాలా? అక్కర్లేదు. ఈ వృత్తికి తొలినాళ్లలో పేరు తెచ్చినవాళ్లలో అమెరికాకు చెందిన ఎల్సీ డి వోల్ఫ్ ఒకరు. రంగస్థల నటిగా ఉండి ఈ పనిలోకి వచ్చారావిడ. 1907లో న్యూయార్క్‌లో ప్రారంభమైన కాలనీ క్లబ్ అలంకరణతో ఆమె పేరు మారుమోగింది. ఇల్లు ఎలా సర్దుకోవాలో చెబుతూ ఆమె పేరిట పత్రికల్లో వ్యాసాలొచ్చాయి. వాటితో 1913లో 'ద హౌస్ ఇన్ గుడ్ టేస్ట్' అనే పుస్తకం కూడా వెలువడింది. పత్రిక కొన్న ఎవరైనా ఆ సలహాలు చదువుకోవచ్చు. కానీ ఉక్కు వ్యాపారి హెన్రీ క్లే ఫ్రిక్ తన భవంతిలో పై అంతస్తు గదులు అప్పగించినప్పుడు, కొన్న వస్తువుల విలువ మీద ఆమె ప్రతిఫలం పది శాతం.

తేడా స్పష్టంగా ఉంది. అందరికీ పనికొచ్చే మాట వేరు, ఒక్క ఇంటి కోసం ఆలోచించే మాట వేరు. 'వెలుతురు తక్కువున్న గదికి ముదురు రంగులొద్దు' అన్నది మొదటి రకం. పెళ్లిలో చెప్పొచ్చు, పేపర్లో రాయొచ్చు, టీవీలోనూ చెప్పొచ్చు. 'మీ పడమటి గదికి ఏం చేయాలి' అన్నది రెండో రకం. దానికి ఇల్లు చూడాలి, కొలవాలి, బాధ్యత తీసుకోవాలి. ఫీజు ఇక్కడే మొదలవుతుంది. ఈ గీత డిజైనర్ మనసులో స్పష్టంగా ఉంటే జవాబు కూడా తేలిగ్గానే వస్తుంది. 'గది చూడకుండా రంగు చెప్పడమంటే నాడి చూడకుండా మందివ్వడమే పిన్నీ. ప్లాను తీసుకుని ఆఫీసుకి రండి, కూర్చుని మాట్లాడుకుందాం. మొదటిసారి సంప్రదింపులకి ఫీజు ఇంత' అంటే చాలు. నవ్వుతూ చెప్పొచ్చు. కాకపోతే మొదటిరోజే చెప్పాలి.

ఫీజు ఎన్ని రకాలు?

ఇంటి యజమానులు తెలుసుకోవాల్సింది కూడా ఇక్కడ కొంత ఉంది. డిజైనర్లు ప్రధానంగా నాలుగు రకాలుగా ఫీజు తీసుకుంటారు. చదరపు అడుగుకి ఇంత అన్నది ఒకటి. 1,500 చదరపు అడుగుల ఫ్లాటుకి అడుగుకి 60 రూపాయలని మాట్లాడుకుంటే 90 వేలు. లెక్క తేలిక. మొత్తం పని ఖర్చులో ఇంత శాతం అన్నది రెండోది. ఇందులో 'ఖర్చు పెరిగితే ఫీజు పెరుగుతుంది కాబట్టి కావాలనే పెంచుతున్నారేమో' అన్న అనుమానానికి చోటుంటుంది. అందుకే ఏయే ఖర్చులు ఆ లెక్కలోకి వస్తాయో ముందే రాసుకోవాలి. గుండుగుత్తగా ఒక మొత్తం మాట్లాడుకోవడం మూడోది. గంటకో, ఒక విజిట్‌కో ఇంత అన్నది నాలుగోది. ఒకట్రెండు గదులకు సలహా మాత్రమే కావాలనుకునేవారికి ఇది నయం.

మరి 'డిజైన్ పూర్తిగా ఉచితం' అనే ప్రకటనల మాటేమిటి? అక్కడ డిజైన్‌తో పాటు పని కూడా వాళ్లే చేస్తారు. డిజైన్ చేసినవారి జీతం కిచెన్ ధరలోనో, వార్డ్‌రోబ్ ధరలోనో కలిసే ఉంటుంది. అది మోసమేం కాదు, ఒక పద్ధతి. కానీ ఆ ప్రకటన చూసి, విడిగా డ్రాయింగులు మాత్రమే ఇచ్చే డిజైనర్‌ని 'వాళ్లు ఫ్రీగా చేస్తున్నారు, నువ్వెందుకు డబ్బులడుగుతున్నావ్' అంటే ఆవిడ మాత్రం ఏం చెబుతుంది?

మార్పులకి అంతెక్కడ?

ఫీజు కుదిరాక కూడా తగువులొస్తాయి. ఎక్కువగా 'ఇంకో చిన్న మార్పు' దగ్గరే. అయ్యగారికి నచ్చిన లేఅవుట్ అమ్మగారికి నచ్చదు. ఇద్దరూ ఒప్పుకున్నది ఊర్నుంచి వచ్చిన అత్తగారు మార్చమంటారు. అంతా అయ్యాక వాస్తు పండితులొచ్చి పొయ్యి దిక్కు మారాలంటారు. పొయ్యి జరిగితే చిమ్నీ జరగాలి, గ్యాస్ పైపు జరగాలి, స్విచ్ బోర్డు జరగాలి. ఒక్క మాటతో మూడు డ్రాయింగులు మళ్లీ గీయాల్సిందే.

దీనికి కోపం మందు కాదు, క్రమమే మందు. వాస్తు చూపించుకునేవారుంటే లేఅవుట్ ఖాయం కాకముందే చూపించుకోమని చెప్పాలి. ఇంట్లో ఎంతమంది అభిప్రాయాలైనా ఉండొచ్చు. ఖాయం చేస్తూ సంతకం పెట్టేది మాత్రం ఒక్కరే ఉండాలి. ఉచిత మార్పులు రెండా, మూడా అన్నది అంకెల్లో రాయాలి. ఆ తర్వాత ప్రతి మార్పుకీ అదనపు ఫీజు ఎంతో, గడువు ఎన్నిరోజులు జరుగుతుందో కూడా రాయాలి. గడువు మాట మరీ ముఖ్యం. ఆషాఢం వెళ్లి శ్రావణం వస్తే గృహప్రవేశాల సందడి మొదలవుతుంది. ముహూర్తం పంతులుగారు పెట్టేశారు, అది జరగదు. అలాంటప్పుడు లామినేట్లు ఎంపిక చేయడానికే ఇంటివాళ్లు నెలరోజులు తీసుకుంటే ఆ ఆలస్యం ఎవరి ఖాతాలోకి వెళ్లాలి? ఏ తేదీలోగా ఏది ఎంచుకోవాలో ముందే పట్టిక ఇచ్చేస్తే ఈ ప్రశ్నే రాదు.

అర్ధరాత్రి అమెరికా నుంచి...

హైదరాబాద్‌లో ఫ్లాటు, కాలిఫోర్నియాలో యజమాని. మన దగ్గర ఇదేం కొత్తకాదు. వాళ్లకి మధ్యాహ్నం ఖాళీ దొరికేసరికి మనకి అర్ధరాత్రి. 'రెండు నిమిషాలే' అని మొదలైన వీడియో కాల్ గంటన్నర సాగుతుంది. పొద్దున్నే సైటుకి వెళ్లాల్సిన మనిషికి నిద్ర ఉండదు.

దీనికో దారుంది. మనకి ఉదయం ఎనిమిదైతే కాలిఫోర్నియాలో ముందురోజు సాయంత్రం. చలికాలంలో ఆరున్నర, వేసవిలో ఏడున్నర. ఇద్దరికీ వీలైన వేళ. వారానికి రెండ్రోజులు ఆ సమయానికి మాట్లాడుకుందామని మొదట్లోనే అనుకుంటే అర్ధరాత్రి ఫోన్లు చాలావరకు తగ్గుతాయి. మాట్లాడింది మాట్లాడినట్టు అదేరోజు మెయిల్లో రాసి పంపితే 'నేనలా అనలేదే' అన్న మాటా ఉండదు.

ఇక్కడున్నవాళ్లకైనా అంతే. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో పనివేళలు పెట్టుకోవచ్చు. ఆ వేళలు దాటాక వచ్చే మెసేజీలకు 'రేపు పది గంటలకు జవాబిస్తాం' అని దానంతటదే బదులు వెళ్లేలా చేసుకోవచ్చు. పెట్టుకున్న నియమాన్ని ముందు మనం పాటించాలన్నది మాత్రం మరచిపోకూడదు. రాత్రి పదకొండింటికి ఒక్కసారి జవాబిస్తే ఆ తర్వాత పదకొండు కూడా ఆఫీసు టైమే అయిపోతుంది.

తమ్ముడు తమ్ముడే...

పేకాట పేకాటే! ఈ సామెత పుట్టిన నేలమీదే చుట్టాల దగ్గర లెక్కలు మాట్లాడ్డానికి అంత ఇబ్బంది పడతాం. బాబాయి ఇంటికి పనిచేస్తే పూర్తి ఫీజు తీసుకోవడానికి మనసొప్పదు. ఒప్పక్కర్లేదు కూడా. తగ్గించాలనుకుంటే తగ్గించొచ్చు. అయితే అది కాగితం మీద కనిపించాలి. అసలు ఫీజు 90 వేలు, బంధువులకు తగ్గింపు 30 వేలు, ఇవ్వాల్సింది 60 వేలు... ఇలా రాస్తే ఆ పని విలువెంతో, మీరిచ్చిన కానుకెంతో రెండూ తెలుస్తాయి. ఏమీ రాయకుండా 'మీ ఇష్టం బాబాయ్, మీకు తోచింది ఇవ్వండి' అంటే ఎంతిచ్చినా ఒకరికి ఎక్కువనిపిస్తుంది, ఇంకొకరికి తక్కువనిపిస్తుంది. ఆ వెలితి తర్వాతి పండక్కి రాకపోకల మీద పడుతుంది.

పూర్తిగా ఉచితంగా చేయాలనిపిస్తే అదీ మంచిదే. కానీ ఎంతవరకో చెప్పాలి. 'లేఅవుట్ వేసిస్తాను వదినా, నా తరఫున గృహప్రవేశం కానుక. సైటు మాత్రం మీరే చూసుకోవాలి' అంటే ఇద్దరికీ హాయి.

చట్టం చుట్టంలా చూడదు

చుట్టాలకి ఇది 'పని'లా కనిపించకపోయినా చట్టానికి కనిపించింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో వైద్యం, న్యాయవాదం, ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్ లాంటి వృత్తుల వరసలోనే ఇంటీరియర్ డెకరేషన్‌నీ చేర్చారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డ్రాయింగులు, ప్లాన్లు కళాకృతుల కిందికి వస్తాయి. ఉద్యోగంలో భాగంగా కాకుండా సొంతంగా గీసినప్పుడు, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప వాటి హక్కు గీసినవారిదే. 'ఒక స్కెచ్ ఇవ్వండి, చూసి చెబుతాం' అని తీసుకుని ఆ స్కెచ్‌తోనే వేరేవాళ్లతో పని చేయించుకోవడం మర్యాదకే కాదు, చట్టానికీ ఇబ్బందే. అందుకే అనుభవజ్ఞులు కొలతలున్న డ్రాయింగుల్ని ఆ దశ ఫీజు అందాకే చేతికిస్తారు.

మరో విషయం కూడా చెప్పుకోవాలి. ఆర్కిటెక్ట్ అని పేరు పక్కన రాసుకోవాలంటే 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద నమోదు తప్పనిసరి. ఇంటీరియర్ డిజైనర్‌కి అలాంటి చట్టం లేదు. అదే 1972లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంటీరియర్ డిజైనర్స్ ఉన్నా అందులో చేరడం ఎవరిష్టం వారిది. బోర్డు ఎవరైనా కట్టేయొచ్చు కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందు ఇంటివాళ్లు ఆలోచించడం సహజమే. ఆ భయం పోగొట్టేది కూడా రాసుకున్న కాగితమే.

సంతకం చేసేముందు...

* ఏయే గదులు? డ్రాయింగులు మాత్రమేనా, పని పర్యవేక్షణ కూడానా?
* ఫీజు ఎంత, ఏ దశలో ఎంత? జీఎస్టీ అందులోనే ఉందా, అదనమా?
* ఉచిత మార్పులు ఎన్ని? ఆపైన ఒక్కో మార్పుకి ఎంత?
* సైటుకి ఎన్నిసార్లు వస్తారు? ఎక్కువసార్లు రావాల్సివస్తే ఎంత?
* ఇంటి తరఫున నిర్ణయం చెప్పేది ఎవరు?
* ఫోన్లకి, మెసేజీలకి వేళలేమిటి?
* పని మధ్యలో ఆపేస్తే ఎవరు ఎవరికి ఎంత చెల్లించాలి?
* ఇంటి ఫొటోలు బయట చూపించడానికి అనుమతి ఉందా?

డిజైనర్‌కీ ఉన్నాయి హద్దులు

గీత అంటూ గీశాక అది రెండువైపులా వర్తించాలి. ప్లైవుడ్, టైల్స్, లైట్ల దుకాణాల్లో కొన్ని డిజైనర్లకి కమీషన్ ఇస్తుంటాయి. ఇంటివాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటూ, వాళ్లకి చెప్పకుండా దుకాణం దగ్గరా తీసుకుంటే ఆ సలహాని ఎవరు నమ్ముతారు? తీసుకునే పద్ధతి ఉంటే ముందే చెప్పేయాలి. లేదా ఆ మొత్తాన్ని ఇంటివాళ్లకే తగ్గింపుగా ఇప్పించాలి.

ఫొటోల సంగతీ అంతే. పూర్తయిన ఇంటిని నలుగురికీ చూపించుకోవాలని డిజైనర్‌కి ఉంటుంది. అదే తన తర్వాతి పనికి పెట్టుబడి. కానీ ఆ ఫొటోలో కనిపించేది ఒకరి పడకగది, ఒకరి బీరువా, గోడమీద పిల్లల ఫొటోలు. అడిగి, ఒప్పుకున్నవి మాత్రమే చూపించాలి. ఇక మాటిచ్చిన తేదీకి డ్రాయింగు ఇవ్వలేకపోతే ఆ సంగతి ముందురోజే చెప్పడం, ఇంటివాళ్ల మధ్య అభిప్రాయభేదాలొస్తే ఏదో ఒక పక్షం చేరకుండా ఉండటం కూడా వృత్తి మర్యాదలే.

ఇల్లు కట్టుకునేవారికి అది జీవితంలో ఒక్కసారి చేసే ఖర్చు. డిజైనర్‌కి రోజూ చేసే పని. ఒకరిది ఆశ, ఒకరిది జీవిక. ముందు చెప్పుకుంటే ఐదు నిమిషాలు మొహమాటంగా ఉంటుంది. చెప్పుకోకపోతే ఐదేళ్లు మాటలుండవు. గృహప్రవేశానికి డిజైనర్‌ని పిలవాలనీ, పిలిస్తే వెళ్లాలనీ ఇద్దరికీ అనిపించాలంటే ఆ ఐదు నిమిషాలూ ఓర్చుకోవాల్సిందే.